ప్రతి దొరకని ‘క్రానికల్ ఆఫ్ ఐర్లండ్’: మిగిలిన ఆనల్స్‌లో దాని జాడ పట్టేదెలా?

ప్రశ్న: కొత్తపాఠకి

మధ్యయుగపు ఐర్లండ్ చరిత్ర మీద ఏ పుస్తకం తెరిచినా ‘క్రానికల్ ఆఫ్ ఐర్లండ్’ అన్న మాట వస్తోంది. స్కాట్లండ్ పడమటి తీరాన ఉన్న అయొనా ద్వీపపు మఠంలో మొదలైందట, క్రీ.శ. 911 దాకా సాగిందట. తీరా చూస్తే దాని పేజీ ఒక్కటి కూడా ఏ గ్రంథాలయంలోనూ లేదు. లేని పుస్తకానికి మొదలు, చివర, రాసిన చోటు ఇంత ధీమాగా ఎలా చెబుతారు?

630 నుంచి 740 వరకు ఒక స్ప్రెడ్‌షీట్ మొదలుపెట్టాను. ఉల్‌స్టర్, తిగెర్నాఖ్, క్రానికన్ స్కోటోరమ్, క్లాన్‌మక్నాయిస్, ఫోర్ మాస్టర్స్ అని అయిదు ఆనల్స్‌కు (ఏడాదివారీగా సంగతులు రాసిన గ్రంథాలకు) అయిదు నిలువు వరుసలు. ఇంగ్లిష్ అనువాదాలే వాడుతున్నాను. మూడు చిక్కులు వచ్చాయి.

1. మాగ్ రోథ్ యుద్ధం ఉల్‌స్టర్‌లో 637 కింద ఉంది, ఫోర్ మాస్టర్స్‌లో 634 కింద ఉంది. రెండు యుద్ధాలా, ఒకటేనా?
2. ఒకే సంఘటన అయిదింట్లో ఉంటే అయిదు సాక్ష్యాలని లెక్క వేసుకోవచ్చా?
3. ఉల్‌స్టర్‌లో అక్కడక్కడ ‘క్వానా పుస్తకంలో ఇలా చూశాను’ అని ఉంది. ఆ పుస్తకం కూడా పోయిందే. ఆ వాక్యాలన్నీ ఏరితే అది మళ్లీ తయారవుతుందా?

జవాబు: మాతృకవేట

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, మీ పట్టిక చెడుతున్నది అక్కడే. అయిదు పుస్తకాలు అయిదు సాక్ష్యాలు కావు. ఒకే మాతృకను చూసి రాసిన ప్రతులు ఎన్ని ఉన్నా సాక్ష్యం ఒక్కటే అవుతుంది.

ఇక్కడ ఉన్నవి ప్రధానంగా రెండు శాఖలు. ఒకటి ఉల్‌స్టర్. ఫెర్మనా ప్రాంతంలో ఎర్న్ సరస్సు ద్వీపంలో ఉన్న కహల్ మాక్ మానుస్ (మరణం 1498) కోసం రూరీ ఓ లునీన్ రాసిన ప్రతి ఇప్పుడు డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో 1282 నంబరు కింద ఉంది. దానికి తోడుగా ఆక్స్‌ఫర్డ్‌లో రాలిన్సన్ బి 489. రెండోది ‘క్లాన్‌మక్నాయిస్ వర్గం’. అందులో తిగెర్నాఖ్ (రాలిన్సన్ బి 488, 14వ శతాబ్దపు ప్రతి), 17వ శతాబ్దం నడుమ దూవల్తాఖ్ మాక్ ఫిర్‌బిసీ చేతిరాతలో ఉన్న క్రానికన్ స్కోటోరమ్, 1627లో కొనాల్ మాగియోగన్ చేసిన ఇంగ్లిష్ అనువాదం ఉన్నాయి. ఈ మూడోదానికే ‘ఆనల్స్ ఆఫ్ క్లాన్‌మక్నాయిస్’ అన్న పేరు స్థిరపడింది. వర్గం పేరూ అదే, అందులో ఒక పుస్తకం పేరూ అదే. కొత్తవాళ్లు ఇక్కడ తప్పకుండా తడబడతారు, కాబట్టి మీ పట్టికలో దీన్ని ‘మాగియోగన్’ అని రాసుకోండి.

ఇప్పుడు 911 సంగతి. ఆ ఏడాది వరకు ఉల్‌స్టర్, క్లాన్‌మక్నాయిస్ వర్గం మాటకు మాట కలుస్తూ పోతాయి. ఒక ఏడాదిలో ఆరు సంగతులుంటే వాటి వరుస కూడా చాలాసార్లు ఒకటే. ఆ తర్వాత ఆ పోలిక ఒక్కసారిగా తెగిపోతుంది. సంఘటనలు రెండింట్లోనూ ఉంటాయి గానీ మాటలు వేరు, వరుస వేరు. అంటే అక్కడి వరకు రెండింటికీ మాతృక ఒకటి, ఆ పైన ఎవరి దారి వారిది. ఆ మాతృకకు ‘క్రానికల్ ఆఫ్ ఐర్లండ్’ అని 1972లో పేరు పెట్టినావిడ కాథ్లీన్ హ్యూజ్. 2006లో థామస్ చార్ల్స్-ఎడ్వర్డ్స్ దాన్ని పునర్నిర్మించి, ఏ ముక్క ఏ శాఖలో ఉందో చూపిస్తూ, ఇంగ్లిష్‌లో అచ్చువేశారు.

గమనించండి, ఇక్కడ రుజువు సంఘటన కాదు. ఒక రాజు చనిపోతే రెండు మఠాలు విడివిడిగా రాసుకోవచ్చు, అది పెద్ద విషయమేమీ కాదు. రుజువయ్యేవి మాటల వరుస, సంగతుల వరుస, అన్నిటికన్నా ముఖ్యంగా ఉమ్మడి తప్పులు. ఒకే మరణాన్ని రెండు ఏళ్ల కింద రెండుసార్లు రాయడం, ఒకే పేరును ఒకే రకంగా పాడుచేయడం రెండు శాఖల్లోనూ కనిపిస్తే అది యాదృచ్ఛికం కాదు. మన తాళపత్ర ప్రతుల పాఠపరిష్కరణలో వాడే సూత్రమే ఇది: ఒప్పు ఎవరైనా రాస్తారు, తప్పు మాత్రం చూసి రాయాల్సిందే.

అందుకే అనువాదాలతో ఈ పని కుదరదు. ఉల్‌స్టర్‌లో లాటిన్‌లో ‘బెల్లుమ్’ అని, తిగెర్నాఖ్‌లో ఐరిష్‌లో ‘కాథ్’ అని ఉంటే ఇంగ్లిష్‌లో రెండూ ‘బ్యాటిల్’ అయిపోతాయి. మూలాలు కార్క్ యూనివర్సిటీ వాళ్ల ‘కెల్ట్’ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో వెతికేటప్పుడు ఒక జాగ్రత్త: ‘మోర్స్’ (మరణం) అన్న మాట తర్వాత పేరు షష్ఠీ విభక్తిలో ఉంటుంది. డొమ్నాల్ అని వెతికితే డొమ్నాయిల్ దొరకదు, ఏద్ అని వెతికితే ఏదా దొరకదు. ప్రతి పేరుకూ కనీసం రెండు రూపాలతో వెతకండి. లేకపోతే ‘ఈ సంగతి ఉల్‌స్టర్‌లో లేదు’ అని తప్పు నిర్ధారణకు వస్తారు.

ఇంకో మాట. ప్రతులకు పెద్ద పెద్ద చిల్లులున్నాయి. తిగెర్నాఖ్‌లో 766 నుంచి 974 వరకు లేదు. స్కోటోరమ్‌లో 722 నుంచి 804 వరకు లేదు. కాబట్టి క్లాన్‌మక్నాయిస్ వైపు 722 దాకా మూడు ప్రతులు, 722–766 మధ్య తిగెర్నాఖ్, మాగియోగన్ రెండే, 766–804 మధ్య మాగియోగన్ ఒక్కడే, 804 నుంచి 911 దాకా స్కోటోరమ్, మాగియోగన్. ఆ నలభై ఏళ్ల దగ్గర 1627 నాటి ఇంగ్లిష్ తప్ప క్లాన్‌మక్నాయిస్ వైపు చేతిలో ఏమీ ఉండదు. అక్కడ ‘మాటలు కలవలేదు’ అంటే అర్థమే లేదు, కలవడానికి మాటలే మిగల్లేదు. మీ పట్టికలో ‘లేదు’, ‘ప్రతి చిరిగిపోయింది’ అని రెండు వేర్వేరు గుర్తులు పెట్టుకోండి. ఖాళీ గడి వదిలితే నెల తర్వాత అది ఏ ఖాళీయో మీకే తెలియదు.

జవాబు: కలెండ్స్

మొదటి ప్రశ్నకు: యుద్ధం ఒక్కటే. ఏళ్లే వేరు. పోల్చే ముందు ప్రతి పుస్తకం కాలాన్నీ విడిగా సరిచేసుకోవాలి, ఆ తర్వాతే పక్కపక్కన పెట్టాలి.

ఉల్‌స్టర్ ప్రతిలో క్రీస్తుశకం అంకె రాసి ఉంటుంది గానీ 5వ శతాబ్దం చివరి నుంచి 1013 వరకు అది ఒక ఏడాది వెనక్కి ఉంది. ప్రతిలో 663 అని ఉంటే అసలు ఏడాది 664. 1983 నాటి మాక్ ఎయిర్ట్, మాక్ నియోకాల్ ముద్రణ సరిచేసిన అంకె ఇస్తుంది, కెల్ట్ దాన్నే అనుసరిస్తుంది. పాత పుస్తకాల్లో మాత్రం సరిచేయని అంకె ఉంటుంది. ఒకే సంగతి ఒక వ్యాసంలో 663, ఇంకో వ్యాసంలో 664 అని కనిపించడానికి కారణం ఇదే. ఇప్పటికే సరిచేసిన అంకెకు మళ్లీ ఒకటి కలిపి 665 చేసేవాళ్లూ ఉన్నారు.

తిగెర్నాఖ్, స్కోటోరమ్ పద్ధతి వేరు. ఏడాది మొదట్లో ‘కె’ అక్షరం, అంటే జనవరి ఒకటో తేదీ కలెండ్స్. దాని పక్కన ఆ రోజు ఏ వారమో చెప్పే అంకె. ఆదివారం 1, సోమవారం 2, అలా శనివారం 7. మామూలు ఏడాది తర్వాత అంకె ఒకటి పెరుగుతుంది, లీపు ఏడాది తర్వాత రెండు. లెక్క వేస్తే ఇలా రావాలి: 663కి 1, 664కి 2, 665కి 4 (664 లీపు), 666కి 5, 667కి 6, 668కి 7, 669కి మళ్లీ 2.

ప్రతిలో 4, 6, 7 అని కనిపిస్తే నడుమ 5 ఉన్న ‘కె’ జారిపోయిందన్నమాట. లేఖకుడు ఒక్క ‘కె’ వదిలేస్తే ఆ కిందున్న సంగతులు పై ఏడాదిలో కలిసిపోతాయి, ఆ తర్వాత అంతా ఒక ఏడాది వెనక్కి జరుగుతుంది. సంగతి ఏమీ లేని ఏడాదికి ఒట్టి ‘కె’ మాత్రమే ఉంటుంది. అలాంటివి నాలుగైదు వరుసగా వస్తే ఒకటి ఎగిరిపోవడం చాలా తేలిక. అంకెలనూ గుడ్డిగా నమ్మకూడదు. అవి రోమన్ అంకెలు, నిలువు గీతలు. ఆ లిపిలో రెండు గీతల ‘ఐ ఐ’కీ, అయిదుకు రాసే ‘యు’కీ తేడా గీతలను కలిపే చిన్న వంపు ఒక్కటే. 2, 5 తారుమారయ్యాయనిపిస్తే ఒక అంకెను చూసి తేల్చకుండా ముందు వెనక పదేళ్ల వరుస చూడండి. ఒకేసారి 28 ఏళ్లు జారితే వారం పట్టివ్వదు, అంతకు తక్కువైతే ఎక్కడో ఒకచోట దొరికిపోతుంది.

లెక్క కుదిరిందో లేదో చూసుకోవడానికి గ్రహణం కన్నా మంచి సాధనం లేదు. 664 మే 1న సూర్యగ్రహణం పట్టింది. ఉల్‌స్టర్‌లో ‘మే కలెండ్స్ నాడు తొమ్మిదో గంటకు చీకట్లు’ అని ఉంది. మే కలెండ్స్ అంటే మే ఒకటే, తేదీ సరిగ్గా కుదిరింది. అదే గ్రహణాన్ని ఇంగ్లండ్‌లో సన్యాసి, చరిత్రకారుడు బీడ్ తన చర్చి చరిత్రలో మే 3 అన్నాడు. ఈస్టర్ పండుగ తేదీ కట్టే పట్టికల లెక్కలో ఆ నెల చంద్రుడి మొదటి రోజు మే 3న పడుతుంది, ఆకాశంలో మాత్రం అమావాస్య రెండు రోజుల ముందే వచ్చేసింది. అంటే బీడ్ వైపు తేదీ పట్టికకు సర్దుకుంది, ఐరిష్ వైపు కళ్లతో చూసినవాడి తేదీ మిగిలింది. పోయిన క్రానికల్‌కు 7వ శతాబ్దంలోనే, సంఘటన జరిగిన కాలంలోనే రాసుకున్న పొర ఉందనడానికి ఇంతకన్నా సూటి ఆధారం నా దృష్టిలో లేదు. ఈ వాక్యం బీడ్‌ను చూసి రాసినదైతే మే 3 వచ్చి ఉండేది.

ఫోర్ మాస్టర్స్ (17వ శతాబ్దంలో పాత ఆనల్స్‌ను కలిపి రాసిన కూర్పరులు) ఇచ్చే అంకెలను మాత్రం కాలానికి వాడకండి. క్లాంటార్ఫ్ యుద్ధం 1014లో జరిగితే వాళ్లు 1013 కింద పెట్టారు. 7వ శతాబ్దంలో తేడా ఇంకా ఎక్కువ, అదీ ఒకే రకంగా ఉండదు. ‘మూడేళ్లు కలిపితే సరి’ అన్న సూత్రం అందులో పనిచేయదు.

కొత్తపాఠకి

ఇద్దరికీ ధన్యవాదాలు. కెల్ట్‌లో మూలాలు తీసి చూస్తున్నాను. తిగెర్నాఖ్‌లో 729 కింద పిక్టుల (అప్పటి స్కాట్లండ్‌లోని ఒక జాతి) ఓడలు నూట యాభై రోస్ క్విశ్శినే దగ్గర పగిలిపోయాయని ఉంది. ఉల్‌స్టర్‌లో ఆ ఏడాది పిక్టుల యుద్ధం ఉంది గానీ ఓడల ఊసే లేదు. రెండు శాఖల్లో ఉంటేనే ఉమ్మడి మాతృకది అనుకుంటే దీన్ని కొట్టేయాలి కదా? ఇంకోటి, ‘అయొనా’ అని ఎలా తేల్చారో ఇప్పటికీ అర్థం కాలేదు. పిక్టుల సంగతులు ఎక్కువున్నాయనా?

జవాబు: అంచుగమనిక

కొట్టేయకండి. రెండు శాఖల్లో ఉంటే ఉమ్మడి మాతృకది అనవచ్చు. ఒక్క శాఖలోనే ఉంటే కాదని అనలేం. రెండో శాఖ లేఖకుడు వదిలేసి ఉండొచ్చు. అప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న: ఈ సంగతిని తర్వాతి కాలంలో చేర్చాల్సిన అవసరం ఎవరికైనా ఉందా? స్కాట్లండ్ తీరంలో పగిలిన పిక్టుల ఓడల మీద 10వ, 11వ శతాబ్దపు క్లాన్‌మక్నాయిస్ మఠంలో ఎవరికీ ఆసక్తి ఉండదు. అది షానన్ నది ఒడ్డున, ఐర్లండ్ నట్టనడుమ ఉన్న మఠం. కాబట్టి అది పాత పొరదే అయ్యుండొచ్చు. కానీ ఆ వాక్యం లాటిన్‌లో లేదు, ఐరిష్‌లో ఉంది. అంకె ‘మూడు యాభైలు’ అని ఉంది. ఐరిష్ కథల్లో మూడు యాభైలంటే ‘బోలెడు’ అని. మాటలు మారాయి, అంకె నమ్మదగినది కాదు, సంగతి మాత్రం పాతది కావచ్చు. మీ పట్టికలో దీనికి ‘బహుశా’ అని ఒక గడి ఉండాలి.

దీనికి ఎదురుగా ఇంకో వాక్యం పెట్టి చూడండి. ఉల్‌స్టర్ 737లో, అపోర్ క్రోసాన్ మఠాధిపతి ఫాల్వే మాక్ గూరే నడిసముద్రంలో మునిగిపోయాడు, ‘తన నావికులతో సహా, సంఖ్య 22’ అని ఉంది. అపోర్ క్రోసాన్ అంటే స్కాట్లండ్ వాయవ్య తీరంలోని యాపిల్‌క్రాస్. ఇరవై రెండు అనేది కథకుడి అంకె కాదు. ఆ పడవలో ఎవరెవరు ఎక్కారో తెలిసినవాడి నుంచి, ఆ సముద్రం మీదుగా, కొద్ది రోజుల్లో చేరిన కబురు అది.

ఇక అయొనా అని తేల్చడానికి సంగతులు ఎక్కువుండటం ఒక్కటే చాలదు. క్రియలు చూడండి. ఉల్‌స్టర్ 673లో ‘అయొనా మఠాధిపతి ఫాల్వే ఐర్లండ్‌కు ప్రయాణం’ అని ఉంది. (ఈయన వేరే ఫాల్వే, 679లో మరణించాడు. పై ఫాల్వేతో కలపకండి.) మూడేళ్లకు 676లో ‘ఫాల్వే ఐర్లండ్ నుంచి తిరిగి వస్తున్నాడు’. ‘రెవెర్తితుర్’ అన్న ఆ ఒక్క మాటే చాలు. ఐర్లండ్‌లో కూర్చుని రాసేవాడు ‘వెళ్లిపోయాడు’ అంటాడు. ‘తిరిగొచ్చాడు’ అనేవాడు అయొనాలో రేవు దగ్గర ఉన్నవాడు.

ఈ తరహా వాక్యాలు 740 దాకా దట్టంగా ఉంటాయి. ఆ తర్వాత స్కాట్లండ్ సంగతులు పలచబడి, ఐర్లండ్ నడుమ, తూర్పు ప్రాంతాల, ముఖ్యంగా బ్రెగా, మీత్ మఠాల మరణాలు పెరుగుతాయి. అంటే 740 ప్రాంతంలో ఆ క్రానికల్ సముద్రం దాటి ఐర్లండ్‌కు వచ్చి, అక్కడ కొనసాగింది. జాన్ బానర్మన్ 1968లో స్కాట్లండ్ సంగతులను ఏరి ఈ దారి చూపించాడు. ఉల్‌స్టర్‌లో 911 తర్వాత ఆర్మా మఠం ముద్ర స్పష్టం.

ఒక రకం వాక్యాలను మాత్రం ముందే వేరు చేయండి. రోమ్ చక్రవర్తులు, పోప్‌ల సంగతులు. వాటిలో చాలా భాగం బీడ్ 725లో పూర్తిచేసిన ప్రపంచ క్రానికల్ నుంచి తెచ్చి అతికించినవి. అవి ఐరిష్ నమోదులు కావు. మీ లెక్కలో కలిపితే ‘ఉమ్మడి వాక్యాలు’ లేనిపోనివి పెరుగుతాయి.

జవాబు: మాతృకవేట

అంచుగమనిక గారు చెప్పినదానికి ఒక మినహాయింపు చేరుస్తాను, ఇది అందరూ ఒప్పుకున్న లెక్క కాదు. డేనియల్ మెక్‌కార్తీ 2008 పుస్తకంలో ‘911 వరకు ఒకే క్రానికల్’ అన్న సిద్ధాంతాన్నే కాదన్నాడు. ఆయన ప్రకారం క్లాన్‌మక్నాయిస్ వర్గంలోని ‘కె, వారం అంకె’ వరుసే పాత చట్రం, ఉల్‌స్టర్ తర్వాత సర్దుకున్న రూపం. వారం అంకెల మీద ఆయన చేసిన పని లేకుండా ఈ రోజు ఎవరూ కాలం సరిచేయలేరు. మొత్తం సిద్ధాంతాన్ని మాత్రం ఎక్కువమంది తీసుకోలేదు, నాకూ 911 దగ్గరి తెగింపును అది సరిగా వివరిస్తుందనిపించదు. ఆయన పట్టికలు వాడండి, నిర్ధారణలు విడిగా తూచండి.

ఇప్పుడు క్వానా పుస్తకం. ఉల్‌స్టర్‌లో 5వ శతాబ్దం రెండో సగం నుంచి 7వ శతాబ్దం తొలి భాగం దాకా పదికి పైగా చోట్ల దాని పేరుంది. 471 కింద చూడండి: సాక్సన్లు ఐర్లండ్ నుంచి రెండోసారి కొల్లసొమ్ము తోలుకుపోయారు, ‘కొందరు చెప్పినట్టు ఈ ఏడాదిలో, మౌక్తేయుస్ చెప్పినట్టు, క్వానా పుస్తకంలో ఇలా చూశాను’. ఒక్క వాక్యంలో మూడు మెట్లున్నాయి. మౌక్తేయుస్ అంటే పాట్రిక్ శిష్యుడిగా చెప్పుకునే సాధువు మొఖ్తా. ఆయన పేరు మీద ఏదో ఉంది, దాన్ని క్వానా ఉటంకించాడు, క్వానాను ఉల్‌స్టర్ కూర్పరి ఉటంకించాడు. పోయిన పుస్తకం లోపల ఇంకో పోయిన పుస్తకం.

ఏరితే పుస్తకం వస్తుందా? రాదు. కూర్పరి ఆ పేరు ఎత్తేది ఎక్కువగా తన ప్రధాన మాతృకతో తేడా వచ్చినప్పుడే. ‘లేదా ఇక్కడ’, ‘ఇతరుల ప్రకారం’ లాంటి మాటల పక్కనే అది కనిపిస్తుంది. కాబట్టి మీరు ఏరేది ఆ రెంటికీ పడని చోట్లనే. రెండూ కలిసిన చోట క్వానా పేరు చెప్పాల్సిన పని ఆయనకు లేదు. ఏరిన ముక్కలు చూసి ‘క్వానా పుస్తకం నిండా కాలభేదాలే’ అంటే, కోర్టు రికార్డులు మాత్రమే చదివి ఆ ఊళ్లో అందరూ దొంగలే అన్నట్టుంటుంది.

పేరును బట్టి కాలం తేల్చడమూ ప్రమాదమే. క్వానా అన్న పేరుతో చాలామంది మఠాధిపతులున్నారు. ఇంకో ప్రతిపాదన, 1024లో హత్యకు గురైన కవి క్వాన్ ఉవ లోఖాన్ అని. ఎవరిని ఎంచుకుంటే ఆ పుస్తకం వయసు రెండు మూడు వందల ఏళ్లు అటూ ఇటూ అవుతుంది. పోల్చి చూడటానికి ‘దువ్ దా లేహే పుస్తకం’ మేలు, అదీ ఉల్‌స్టర్‌లోనే 629, 1021 కింద కనిపిస్తుంది. ఆ పేరుతో ఆర్మా అధిపతి ఒకడు 1064లో చనిపోయాడు, కాలం, చోటు రెండూ కుదురుతాయి.

జవాబు: చర్మపత్రం

మాగియోగన్ గురించి, ఫోర్ మాస్టర్స్ గురించి కొంచెం. ఇద్దరూ ఒకే దశాబ్దంవాళ్లు, పోయిన పుస్తకాలు చేతిలో పట్టుకున్న చివరి తరం.

మాగియోగన్ ముందుమాటలో పుస్తకాలు ఎలా పోయాయో రాశాడు. పండిత కుటుంబాల వారసులు తమ పూర్వీకుల పుస్తకాలను దర్జీలకు వదిలేశారట, వాళ్లు ఆ చర్మపత్రాలను పొడుగ్గా పట్టీలు కోసి కొలతలు తీసుకోవడానికి వాడుకున్నారట. అంటే మనిషి భుజం కొలిచిన టేపు మీద ఏ రాజు మరణమో ఉండి ఉంటుంది. ఆయన వాడిన ఐరిష్ మాతృక పోయింది, 17వ శతాబ్దం చివరి సగంలో ఎత్తి రాసుకున్న ప్రతుల్లోనే ఆ అనువాదం మిగిలింది. ఆయన కుదించాడు, అక్కడక్కడ వ్యాఖ్య చేర్చాడు. కాబట్టి ఆయన్ను ‘ఈ సంగతి మాతృకలో ఉందా’ అన్నదానికి మాత్రమే వాడండి, ‘ఏ మాటల్లో ఉంది’ అన్నదానికి కాదు.

ఫోర్ మాస్టర్స్ 1632 జనవరి 22న మొదలుపెట్టి 1636 ఆగస్టు 10న ముగించారు. మూలాలేవో ముందుమాటలో చెప్పారు, మనకు అదే వరం. క్లాన్‌మక్నాయిస్ పుస్తకం 1227 దాకా, రీ సరస్సులోని సాధువుల ద్వీపం పుస్తకం 1227 దాకా, మాక్ మానుస్ పుస్తకం 1532 దాకా, ఓ మేల్‌ఖోనరి వంశం పుస్తకం 1505 దాకా, కిల్‌రోనన్ ఓ డీగెనాన్ వంశం పుస్తకం 900 నుంచి 1563 దాకా, ఇలా. ఇందులో మాక్ మానుస్‌ది అంటే మన ఉల్‌స్టరే. సాధువుల ద్వీపం పుస్తకం పోయింది. వాళ్ల ‘క్లాన్‌మక్నాయిస్ పుస్తకం’ మాగియోగన్‌దే అని చాలామంది అనుకుంటారు. వాళ్లది 1227 దగ్గర ఆగింది, మాగియోగన్‌ది 1408 దాకా నడిచింది. కాబట్టి అది వేరే పుస్తకం, అదీ పోయింది. చివరి ఏడాది ఏదో చూసుకోవడం ఎంత చిన్న పనో అంత ఉపయోగం.

అయితే లాటిన్‌ను వాళ్లు తమ కాలపు గ్రాంథిక ఐరిష్‌లోకి తిప్పేశారు, వాక్యాలు మెరుగుపెట్టారు, నాలుగైదు మూలాలను ఒకటిగా కుట్టేశారు. కుట్టు కనపడకుండా కుట్టారు, బాధ అదే. ఉల్‌స్టర్‌ను వాళ్లు నేరుగా వాడారు కాబట్టి ‘ఉల్‌స్టర్, ఫోర్ మాస్టర్స్ రెండూ ఒప్పుకున్నాయి’ అంటే ఉల్‌స్టర్ తనతో తాను ఒప్పుకున్నట్టే. ఇంకెక్కడా లేని సంగతి వాళ్ల దగ్గర ఉన్నప్పుడే, ముఖ్యంగా 766 తర్వాత తిగెర్నాఖ్ లేని కాలంలో, వాళ్లను పిలవండి.

‘ఫ్రాగ్మెంటరీ ఆనల్స్’ కూడా చూస్తారా? అది ఇలా వచ్చింది: గిల్ల నా నేవ్ మాక్ ఈగన్ దగ్గరున్న చర్మపత్ర గ్రంథం నుంచి మాక్ ఫిర్‌బిసీ 1643లో రాసుకున్నాడు, ఆ రాతప్రతి నుంచి ఇంకొకరు రాసినది బ్రస్సెల్స్‌లో ఉంది. మొదటి రెండూ లేవు, మూడోదే ఉంది. 573 నుంచి 914 వరకు అయిదు ముక్కలు. ఆనల్స్ వాక్యాల నడుమ పొడుగాటి కథలు, అందులో ఓస్రై రాజు కెర్వాల్ (మరణం 888) ఘనత ఎక్కువ. పొట్టి వాక్యాలను పట్టికలోకి తీసుకోండి, కథలు వదిలేయండి.

కొత్తపాఠకి

పట్టిక మార్చాను. ఇప్పుడు నిలువు వరుసలు ఇవి: సరిచేసిన ఏడాది, ఉల్‌స్టర్ మూలవాక్యం, తిగెర్నాఖ్, స్కోటోరమ్, మాగియోగన్ (ఉంది / లేదు / ప్రతి లేదు), భాష, ఉమ్మడి మాటలు, నిర్ణయం (ఖాయం / బహుశా / తర్వాతి చేర్పు). మాగ్ రోథ్ వరుసలో తిగెర్నాఖ్ వాక్యం చాలా పొడుగుంది, పద్యాలు కూడా ఉన్నాయి. మొత్తాన్ని ‘ఖాయం’లో పెట్టాను. సరేనా?

జవాబు: అంచుగమనిక

ఆ ఒక్కటి మార్చండి. ఉల్‌స్టర్ 637లో ఉన్నది ఒక్క ముక్క: ‘బెల్లుమ్ రోథ్, బెల్లుమ్ సెల్తిరే ఒకే రోజున జరిగాయి’. రెండు శాఖలకూ ఉమ్మడి ఆ ఎముకే. మాగ్ రోథ్ తర్వాతి కాలంలో పెద్ద వీరగాథ అయింది. పద్యాలు, వివరాలు ఆ గాథ పెరిగాక క్లాన్‌మక్నాయిస్ వైపు చేరిన కండ. కాబట్టి ఒక వరుసను రెండు చేయండి. మొదటిదానికి ‘ఖాయం’, పద్యాలకు ‘తర్వాతి చేర్పు’. మిగతా యుద్ధాలకూ ఇదే చేయండి, ఎంత పేరున్న యుద్ధమైతే అంత అనుమానించండి. ఫోర్ మాస్టర్స్‌కు నిలువు వరుస తీసేసి మంచి పని చేశారు. కావాలంటే చివర్లో గమనిక గడిలో ‘634 కింద ఉంది’ అని రాసుకోండి, చాలు.

జవాబు: కలెండ్స్

‘సరిచేసిన ఏడాది’ పక్కనే ‘ప్రతిలో ఉన్న అంకె’ అని ఇంకో నిలువు వరుస పెట్టండి. తిగెర్నాఖ్‌కు అయితే వారం అంకె. ఎక్కడైనా ‘కె’ జారిందని తర్వాత తెలిస్తే ఆ కిందివన్నీ ఒకేసారి జరపాల్సి వస్తుంది. అసలు అంకె పక్కన లేకపోతే ఏవి జరిపారో, ఏవి జరపలేదో తేలదు.

కొత్తపాఠకి

పెట్టాను. 664 దగ్గర వారం అంకె 2 వస్తుందో లేదో ముందు చూసి, అక్కడి నుంచి రెండు వైపులా నడుపుతాను.